గీత వినిపిస్తే ఎవరు పోయారని అడగకండి



పొద్దున్నే ఏదో వీధి నుంచి మైకులో భగవద్గీత వినిపిస్తే మన రొద్దంలోగానీ, పెనుకొండలోగానీ, హిందూపురంలోగానీ ముందుగా వచ్చే మాట ఒక్కటే. ఎవరు పోయారు? ఆ గొంతు వినగానే పాలు తెచ్చే మనిషి సైకిల్ ఆపి అడుగుతాడు. బడికి సిద్ధమవుతున్న పిల్లలు తలుపు దగ్గరికొచ్చి చూస్తారు. టెంటు వేసిన ఇంటి ముందు, వైకుంఠ రథం మీద, దినాలు జరిగే చోట ఆ గీతే వినిపిస్తుంది. అందుకే చాలా ఇళ్లలో ఆ పాట పెట్టడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. శుభమా అని ఉండగా ఇప్పుడు అదెందుకని ఆపేయిస్తారు.

మన పిల్లలకు ఆ గొంతు ఇలాగే పరిచయమైంది. చావు కబురు చెప్పే గొంతుగా. ఆ గొంతు ఎవరిదో, ఆయన ఎలా చదువుకున్నాడో, ఆ గీత ఎందుకు పాడాడో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. డిసెంబరు 4 ఆయన పుట్టినరోజు. మార్గశిరంలో వచ్చే గీతా జయంతి కూడా ఈ రోజుల్లోనే. కాబట్టి ఈ నెల మన పేజీలో ఘంటసాల వెంకటేశ్వరరావు గారి జీవితం చెప్పుకుందాం. సినిమా పాటల ఘంటసాల మీకు తెలుసు. ఇక్కడ ఎక్కువగా చెప్పేది ఆయన ఒంటరిగా, సినిమాతో పని లేకుండా పాడి వెళ్లిన ఆ ఒక్క రికార్డు గురించి, అక్కడిదాకా ఆయన నడిచిన దారి గురించి.

తండ్రి భుజం మీద మొదలైన పాట

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయించేవారు, నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. భజన ఎక్కడ జరిగినా కొడుకును భుజం మీద ఎక్కించుకొని తీసుకెళ్లేవారు. తండ్రి తరంగం పాడుతుంటే ఆ పసివాడు అడుగులు వేసేవాడు. చూసిన ఊరివాళ్లు ముచ్చటపడి బాల భరతుడని పిలిచేవారు.

ఆ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. వెంకటేశ్వరరావు చిన్నతనంలోనే సూరయ్య గారు కాలం చేశారు. పోయేముందు కొడుకును పిలిచి, ఎలాగైనా సంగీతం నేర్చుకోమని, పెద్ద విద్వాంసుడివి కావాలని చెప్పి వెళ్లారు. ఇంటి బాధ్యత మేనమామ మీద పడింది. పిల్లవాడికి మిగిలింది తండ్రి చెప్పిన మాట ఒక్కటే. ఆ మాట నెరవేర్చడానికి డబ్బుగానీ, పక్కన గురువుగానీ లేరు.

నవ్వులపాలైన రోజు

ఊళ్లో బాగా పాడతాడన్న పేరు ఉంది కదా అని ఒకసారి పక్క ఊరి కచేరీలో విద్వాంసుల ముందు పాడబోయాడు. శాస్త్రం తెలియని పాట అక్కడ నిలబడలేదు. నలుగురిలో నవ్వులపాలయ్యాడు. మీ పిల్లవాడికి ఇలాంటి రోజు ఒకటి వచ్చి ఉంటుంది. స్టేజీ మీద మాట మరచిపోయిన రోజో, మార్కుల కాగితం దాచుకున్న రోజో. ఆ రోజు తర్వాత ఏం చేశాడన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

ఘంటసాల పాట మానలేదు. నేర్పేవాళ్ల కోసం వెతికాడు. విద్వాంసుల ఇళ్లలో పని చేస్తూ నేర్చుకోవచ్చని ఆశపడ్డాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతికాడు, మరొక ఇంట్లో వంట చేశాడు. రెండేళ్లు అలా గడిచాయి. పని బాగా వచ్చిందిగానీ సంగీతం రాలేదు. పద్ధతిగా నేర్చుకోవాలంటే కళాశాలకే వెళ్లాలని అప్పుడు అర్థమైంది. తెలుగు నేల మీద సంగీతానికి పేరున్న కళాశాల విజయనగరంలో ఉంది. చేతికి ఉన్న ఉంగరం విలువ నలభై రూపాయలు. అది ఎనిమిది రూపాయలకే అమ్మి, ఇంట్లో చెప్పకుండా విజయనగరం రైలెక్కాడు.

జోలె నిండిన ఊరు

విజయనగరంలో దిగేసరికి కళాశాలకు వేసవి సెలవులు. అప్పటి ప్రిన్సిపాల్ వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. పిల్లవాడి పట్టుదల చూసి సెలవులు అయ్యేదాకా అక్కడే ఉండనిచ్చారు. కొన్నాళ్లకు తోటి విద్యార్థులు చేసిన ఒక తప్పు ఈ కుర్రవాడి మీద పడింది. ఉన్న నీడ కూడా పోయి గుడిలో తలదాచుకోవలసి వచ్చింది.

అలాంటి రోజుల్లో చేరదీసిన వారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరు పెద్దలు ఆయనను చిన గురువుగారని పిలుచుకునేవారు. ఆయనేమీ కలిగినవారు కాదు. ఇంట్లో తినడానికే కష్టంగా ఉండేది. అయినా ఉండడానికి చోటిచ్చి, ఒక్క కాసు తీసుకోకుండా విద్య చెప్పారు. తిండి మాత్రం శిష్యుడే సంపాదించుకోవాలి. దానికి ఆ రోజుల్లో పేద విద్యార్థులకు ఉన్న దారి మధుకరం.

మధుకరం అంటే ఏమిటో మీ పిల్లలకు చెప్పండి. వారాలు చేసుకోవడం వేరు, ఇది వేరు. వారాలంటే సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరొక ఇంట్లో కూర్చొని భోజనం చేయడం. మధుకరంలో ఆ నమ్మకం కూడా లేదు. తేనెటీగ పువ్వు పువ్వుకూ తిరిగినట్టు భుజాన జోలె వేసుకొని వీధి వీధీ తిరగాలి. ఒక ఇంట్లో పిడికెడు అన్నం, ఇంకొక ఇంట్లో గరిటెడు పప్పు. అన్నీ ఆ జోలెలోనే. పొద్దున తెచ్చుకున్నదే రాత్రికి మిగుల్చుకోవాలి. మిగిలిన అన్నానికి చీమలు పడుతుంటే ఒక పాత కిరసనాయిల్ డబ్బా కొనుక్కొచ్చి అందులో దాచుకునేవాడట.

మనం ఇప్పుడు పిల్లల చదువు కోసం ఫీజు కడుతున్నాం, బస్సు మాట్లాడుతున్నాం, క్యారియర్ కట్టి పంపుతున్నాం. అవన్నీ అవసరమే. విజయనగరంలో ఆ పిల్లవాడి ఫీజు, బస్సు, క్యారియర్ అన్నీ ఊరివాళ్ల గడపలే. ఎవరి పేరూ ఇప్పుడు మనకు తెలియదు. ఏ ఇల్లాలు ఏ రోజు ఎంత అన్నం పెట్టిందో ఎక్కడా రాసి లేదు. వాళ్లు పెట్టిన ఆ అన్నంతోనే ఆ గొంతు నిలబడింది.

సెలవులు అయ్యాక కళాశాలలో చేరాడు. నాలుగేళ్లలో ముగించవలసిన చదువును రెండేళ్లలోనే ముగించాడు. పట్టా చేతికి వచ్చాక తిరిగి సొంత ఊరు చేరి ఉత్సవాల్లో పాడుతూ, పిల్లలకు సంగీతం చెబుతూ బతకసాగాడు.

మన వైపు వచ్చిన ఖైదీ

1942లో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. కుదురుగా పాఠాలు చెప్పుకుంటున్న ఈ యువకుడు కూడా అందులో దిగాడు. అరెస్టు చేసి తెచ్చిపెట్టింది మనకు దగ్గరలోనే, బళ్లారిలోని అలీపురం జైలులో. 1882లో అనంతపురం జిల్లా విడిపోయేదాకా పెనుకొండ కూడా బళ్లారి జిల్లాలోదే అన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కృష్ణా తీరంలో పుట్టి, విజయనగరంలో చదివిన పాటగాడు మన సీమకు మొదట వచ్చింది ఖైదీగా. ఏడాదికి మించి అక్కడ గడిపాడు. అప్పటికి ఇరవయ్యేళ్ల వాడు.

పిల్లలకు స్వాతంత్ర్య పోరాటం పాఠం చెప్పేటప్పుడు ఈ పేరు కూడా చేర్చండి. పాఠ్యపుస్తకంలో దండి, చౌరీచౌరా ఉంటాయి. మన పక్కనున్న బళ్లారి జైలు గోడల మధ్య ఎంతమంది యువకులు తమ చదువు, ఉద్యోగం పక్కన పెట్టి కూర్చున్నారో పిల్లలకు తెలిస్తే ఆ పాఠం వాళ్లకు ఇంకాస్త దగ్గరవుతుంది.

పనికిరాదన్న గొంతు

జైలు నుంచి వచ్చాక 1944లో సావిత్రి గారితో పెళ్లయింది. పెళ్లిరోజు సాయంత్రం తన పెళ్లికి తానే కచేరీ చేశాడు. అత్తవారి వైపు పరిచయమైన రచయిత సముద్రాల రాఘవాచార్యులు ఆ పాట విని మద్రాసు రమ్మన్నారు. పెద్దాయన పిలిచారని వెళ్లాడుగానీ, వాళ్ల ఇంట్లో ఉండి భారం కావడానికి మనసొప్పలేదు. పగలంతా అవకాశాల కోసం తిరిగి, రాత్రి పానగల్ పార్కులో నిద్రపోయేవాడు. అక్కడ పడుకోనిచ్చినందుకు కాపలాదారుకు నెలకు రెండు రూపాయలు.

గ్రామఫోన్ కంపెనీ వాళ్లు మొదట ఆ గొంతు విని రికార్డుకు పనికిరాదన్నారు. తర్వాత అక్కడికి వచ్చిన పేకేటి శివరాం అదే గొంతును నమ్మి రికార్డు చేయించారు. రేడియోలో పాటలు దొరికాయి. 1945లో వచ్చిన స్వర్గసీమ సినిమాలో భానుమతి గారి పక్కన పాడే అవకాశం దక్కింది. దానికి ముట్టిన పారితోషికం 116 రూపాయలు.

ఒకరు వద్దన్న చోటే మరొకరు రమ్మన్నారు. మధ్యలో గొంతు ఏమీ మారలేదు. వినే చెవి మారింది. మన పిల్లల విషయంలో ఒక పరీక్ష, ఒక ఇంటర్వ్యూ, ఒక పోటీ చెప్పిన తీర్పును ఇంట్లో చివరి మాటగా తీసుకునే ముందు ఇది ఒక్కసారి తలచుకోండి.

ముప్పై ఏళ్ల పాట

ఆ తర్వాతి కథ మీకు చాలావరకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పుకుందాం. 1949లో మనదేశం సినిమాకు సంగీతం ఇచ్చారు. మన హిందూపురం ప్రజలు 1985 నుంచి తమ ప్రతినిధిగా ఎన్నుకుంటూ వచ్చిన ఎన్.టి.రామారావు గారు తెరమీద మొదట కనిపించింది ఆ సినిమాలోనే. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1962లో గుండమ్మ కథ, 1963లో లవకుశ. వందకు పైగా సినిమాలకు సంగీతం కూర్చారు. పాడినవాటికైతే లెక్క లేదు. 1953లో వచ్చిన దేవదాసులో అక్కినేని గారికి పాడిన గొంతు, రాముడిగా కృష్ణుడిగా రామారావు గారికి పాడిన గొంతు ఒకరిదేనంటే కొత్తగా విన్నవాళ్లు నమ్మరు. ఏ నటుడికి పాడితే ఆ నటుడే పాడుతున్నట్టు ఉండేది.

కన్నడ పాటలు వింటూ పెరిగిన ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల పెద్దవాళ్లను అడగండి. 1956 నాటి ఓహిలేశ్వర, 1963 నాటి వీరకేసరి సినిమాల పాటలు వాళ్లకు గుర్తుంటాయి. రాజ్‌కుమార్ గారికి ఆ పాటలు పాడింది కూడా ఘంటసాలే. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లు రెండూ ఆయనను తమవాడనే అనుకున్నాయి.

అన్నింటికంటే ముఖ్యంగా చెప్పవలసింది పద్యం సంగతి. అంతకుముందు నాటకాల్లో పద్యమంటే రాగం సాగదీసి పాడడమే. ప్రేక్షకులు వన్స్‌మోర్ కొట్టేది రాగానికే. మధ్యలో మాట ఎక్కడ విరిగిందో, అర్థం ఎక్కడ పోయిందో ఎవరికీ పట్టేది కాదు. ఘంటసాల ఆ రాగాన్ని తగ్గించి మాటను ముందుకు తెచ్చారు. పదం ఎక్కడ విరవాలో అక్కడే విరిచారు. ఒత్తు ఒత్తులాగే, దీర్ఘం దీర్ఘంలాగే పలికారు. చదువురాని వాడికి కూడా పద్యం అర్థమయ్యేలా పాడారు. మీ పిల్లలకు తెలుగు ఉచ్చారణ సరిగా రావడం లేదని మీరు తరచూ చెబుతుంటారు. దానికి ఇంత మంచి పాఠం మరొకటి లేదు, పైగా ఖర్చు కూడా లేదు.

సినిమా పక్కన మరో దారి

సినిమాల్లో ఊపిరి సలపనంత పని ఉన్నా, ఆయన సినిమాతో సంబంధం లేని పాటలను వదల్లేదు. వీటిని అప్పట్లో ప్రైవేటు రికార్డులనేవారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం అలా వచ్చిందే. పూజకు పువ్వులు కోయబోయిన మనిషికి ఆ పువ్వులు తమ బాధ చెప్పుకుంటాయి. కుంతి విలాపంలో కన్నబిడ్డను నదిలో వదిలేయబోయే తల్లి కనిపిస్తుంది. రెండూ పద్యాలే. తెరమీద బొమ్మ లేదు, నటుడు లేడు. గొంతు మాత్రమే ఉంది. ఆ రికార్డులు పెట్టినప్పుడు రేడియో చుట్టూ చేరిన జనం కళ్లు తుడుచుకోవడం మీ ఇళ్లలోని తాతయ్యలు, అవ్వలు చూసే ఉంటారు.

అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. ఎంత పెద్ద భావమైనా అందులోనే చెప్పాలి. ఆ తర్వాత ఎల్పీ రికార్డు వచ్చింది. నెమ్మదిగా తిరిగే ఆ పెద్ద పళ్లెంలో ఒక్కో వైపు ఇరవై నిమిషాల దాకా పాడవచ్చు. ఒక గాయకుడు ఒకే విషయాన్ని తీసుకొని, తాపీగా, మొదటి నుంచి చివరిదాకా చెప్పడానికి చోటు దొరికింది. ఘంటసాల మనసులో ఎప్పటినుంచో ఉన్న కోరికకు అది సరిపోయింది. ఆ కోరిక భగవద్గీత పాడడం.

గుండె నొప్పి తర్వాత

1970లో పద్మశ్రీ వచ్చింది. పాతికేళ్ల సినిమా జీవితానికి గుర్తుగా హైదరాబాదులో పెద్ద సన్మానం జరిగింది. 1971లో యూరప్, అమెరికా తిరిగి అక్కడి తెలుగువాళ్లకు పాడి వచ్చారు. బయటికి చూస్తే అన్నీ అమరినట్టే ఉన్నాయి. లోపల ఆరోగ్యం మాత్రం చెడిపోతూ వచ్చింది. అప్పటికే చక్కెర వ్యాధి ఉంది. 1972లో రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. చాలా రోజులు చికిత్స జరిగింది.

మంచం దిగిన మనిషి ఇక విశ్రాంతి తీసుకోవాలని ఇంటివాళ్లు కోరుకోవడం సహజం. ఆయన మాత్రం గీత పని పట్టుకున్నారు. అది పూర్తయితే ఇక సినిమా పాటలు మానేస్తానని కూడా అనుకున్నారట. గీతలో 700 శ్లోకాలు ఉన్నాయి. అందులోంచి వంద పైచిలుకు శ్లోకాలు ఎంచుకున్నారు. ముందు సంస్కృత శ్లోకం పాడతారు. వెంటనే దాని తాత్పర్యం తెలుగు వచనంలో తానే చదువుతారు. పాటలో ఆగిన గొంతే మాటలో మొదలవుతుంది. సంస్కృతం రాని మనిషి కూడా దారి తప్పకుండా పద్దెనిమిది అధ్యాయాల వెంట నడవవచ్చు.

ఈసారి వినేటప్పుడు ఒక్క విషయం గమనించండి. ఇది కచేరీ కాదు. ఎక్కడా విద్వత్తు చూపించడానికి సంగతులు వేయరు. విశ్వరూపం చూసి అర్జునుడు బెదిరిపోయే చోట గొంతు లేస్తుంది. గాలి లేనిచోట కదలకుండా ఉండే దీపం గురించి చెప్పే చోట గొంతు కూడా అలాగే నిలుస్తుంది. తాత్పర్యం చదివేటప్పుడు ఇంటి పెద్ద పక్కన కూర్చొని నెమ్మదిగా చెబుతున్నట్టు ఉంటుంది. విజయనగరంలో నేర్చిన స్వరం, భజనల్లో విన్న భక్తి, పద్యాల్లో సాధించిన ఉచ్చారణ అన్నీ ఇక్కడ ఉన్నాయి. అన్నీ అణిగి మాట వెనకాల నడుస్తాయి.

విద్యార్థిగా తనను చేరదీసిన గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఏళ్ల తరబడి ఘంటసాలకు సంగీతంలో కుడిభుజంగా ఉన్నారు. ఒకరి ఇంట్లో ఉచితంగా దొరికిన విద్య తిరిగి ఆ ఇంటి బిడ్డతో కలిసి పనిచేయడానికి వచ్చింది. గురువు రుణం తీర్చుకోవడం అంటే పిల్లలకు చూపించడానికి ఇదొక మంచి ఉదాహరణ.

గీత పూర్తయ్యాక సినిమాలు మానలేకపోయారు. 1973లో భక్త తుకారాం, జీవన తరంగాలు, దేవుడు చేసిన మనుషులు సినిమాలకు పాడారు. 1974లో ఆరోగ్యం మళ్లీ దెబ్బతింది. ఫిబ్రవరి 11న మద్రాసు ఆసుపత్రిలో కన్నుమూశారు. దానికి ముందు రోజు కూడా ఒక డాక్యుమెంటరీ కోసం మంచం మీద నుంచే పాడారని చెబుతారు. వయసు 51 ఏళ్లు. మీలో చాలామంది ఆ వయసుకు ఎంతో దూరంలో లేరు. చక్కెర, గుండె పరీక్షలు వాయిదా వేస్తున్న నాన్నలు ఉంటే ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి, ఈ వారమే ఆ పని చూసుకోండి.

చావు ఇంటికి ఎలా చేరింది?

ఆయన పోయిన తర్వాతే ఆ గీత ఇంటింటికీ చేరింది. మొదట రికార్డులు, తర్వాత క్యాసెట్లు, సీడీలు, ఇప్పుడు ఫోన్లు. గుళ్లలో తెల్లవారుజామున పెట్టేవారు. గీతా జయంతికి పెట్టేవారు. క్యాసెట్లు చవకయ్యాక మైకు సెట్టు ఉన్న ప్రతి చోటికీ వెళ్లింది. మనిషి పోయిన ఇంట్లో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. ఆ మౌనంలో పుట్టినవాడికి చావు తప్పదని, పాత బట్ట విడిచి కొత్త బట్ట కట్టినట్టే ఆత్మ దేహం మారుస్తుందని చెప్పే గొంతు వింటే ఏడ్చేవాళ్లకు కాస్త ఊరట. అందుకే అక్కడ పెట్టారు. అందులో తప్పేమీ లేదు. ఎన్నో కుటుంబాలు తమ చెడ్డ రోజున ఆ గొంతును ఆసరా చేసుకున్నాయి.

చిక్కంతా అది అక్కడే ఆగిపోవడంలో ఉంది. ఆ వంద పైచిలుకు శ్లోకాల్లో చావు గురించి చెప్పేవి కొన్నే. మిగతావన్నీ బతికి ఉన్నవాళ్ల కోసం. అసలు గీత పుట్టిందే చేయవలసిన పని ముందు నిలబడి చేతులు వణికిన ఒక యువకుడి కోసం. అర్జునుడికి కృష్ణుడు చెప్పింది లేచి నిలబడమని. పరీక్ష ముందు రాత్రి మన ఇంట్లో పదో తరగతి పిల్లవాడికి కావలసిన మాట అదే కదా? దాన్ని శవం ముందు మాత్రమే వినిపించి, పిల్లవాడు వినబోతే అశుభమని ఆపేస్తున్నాం.

పని చేయడం వరకే నీ చేతిలో ఉంది, ఫలితం నీ చేతిలో లేదన్న శ్లోకం అందులో ఉంది. ఇది మార్కులు వద్దని చెప్పడం కాదు. చదవవలసింది చదవమనే చెబుతుంది. ర్యాంకు గురించి ముందే బెంగపడి ఆ చదువునే పాడు చేసుకోవద్దంటుంది. కోపం వస్తే మనసు మసకబారుతుంది, మసకబారితే నేర్చింది మరచిపోతాం, మరచిపోతే బుద్ధి పోతుందని మెట్లు మెట్లుగా చెప్పే శ్లోకం కూడా ఉంది. ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చిన సాయంత్రం అది పిల్లల కంటే మనకే ఎక్కువ అవసరం. ఆకో, పువ్వో, పండో, నీళ్లో, ఏది ఇచ్చినా ప్రేమతో ఇస్తే చాలనే శ్లోకం ఉంది. విజయనగరంలో జోలెలో పిడికెడు అన్నం వేసిన ఇల్లాళ్లకు అది ముందే తెలుసు.

ఈ నెల ఇంట్లో చేయదగినవి

ఒకటి. ఏదైనా ఒక మంచి రోజున, పండుగ పూటో ఆదివారం సాయంత్రమో, పిల్లలతో కూర్చొని ఘంటసాల గీతను పది నిమిషాలు వినండి. మొత్తం ఒకేసారి వినాలని లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పుడెందుకని అంటే, ఇది ఎవరి కోసం పాడారో వాళ్లకు నెమ్మదిగా చెప్పండి.

రెండు. విన్న శ్లోకాల్లో ఒకటి ఎంచుకొని దాని తాత్పర్యాన్ని పిల్లల చేత సొంత మాటల్లో చెప్పించండి. పుస్తకంలోని గ్రాంథిక భాష అక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పనివ్వండి. తప్పు చెప్పినా మధ్యలో ఆపకండి.

మూడు. పుష్పవిలాపం వినిపించి, పద్యంలో మాట ఎక్కడ ఆగిందో గమనించమనండి. తర్వాత తెలుగు వాచకంలోని ఏదైనా ఒక పద్యాన్ని అలాగే విరిచి చదివించండి. మార్పు మీకే తెలుస్తుంది.

నాలుగు. అవ్వ తాతలను, ఇరుగు పొరుగు పెద్దవాళ్లను అడిగి, వాళ్లు వారాలు చేసుకొని చదివిన రోజులో, చదువు కోసం ఎవరి ఇంట్లోనో ఉన్న రోజులో ఉంటే పిల్లల చేత ఒక పేజీ రాయించండి. మన సీమలో కరువు రోజులు చూసిన పెద్దలు చాలామంది ఉన్నారు. అన్నం పెట్టి చదివించిన ఇంటి పేరు వాళ్లకు గుర్తుంటే అది కూడా రాయించండి. విజయనగరంలో పోయిన పేర్లు ఎలాగూ దొరకవు, మన ఊరి పేర్లయినా మిగులుతాయి.

ఐదు. మీ పిల్లల్లో ఎవరైనా పాడతారంటే, పదో తరగతి వచ్చిందని ఆ పాట పూర్తిగా మాన్పించకండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. చదువు దెబ్బతింటుందన్న భయం మీకు ఉండడం సహజమే. తరగతి టీచరుతో మాట్లాడి ఆ సమయం ఎప్పుడు పెట్టుకోవాలో నిర్ణయించుకోండి.

మన వీధిలో మళ్లీ ఎప్పుడో ఆ గీత మైకులో వినిపిస్తుంది. ఎవరు పోయారని అడగడం మామూలే, పోయినవారి ఇంటికి వెళ్లి పలకరించడం కూడా మన ధర్మమే. ఆ పక్కనే నిలబడ్డ మీ పిల్లవాడు ఆ గొంతు వినగానే అది ఘంటసాలదని, ఆయన జోలె పట్టి చదువుకున్నాడని, ఇందులో పరీక్షలకు పనికొచ్చే శ్లోకం కూడా ఉందని చెప్పగలిగితే ఈ నెల మనం చేసిన పని చాలు.